దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక జావా పుస్తకం

హెర్బర్ట్ షిల్డ్ట్ రాసిన ‘జావా: ద కంప్లీట్ రిఫరెన్స్’ జె2ఎస్‌ఈ 5 కూర్పుని నేను. 2004లో జావా ప్రోగ్రామింగ్ భాష అయిదో వెర్షన్ వచ్చాక ఆ కొత్త సంగతులన్నీ కలుపుకొని, వెయ్యి పేజీల లావున టాటా మెక్‌గ్రాహిల్ ముద్రణగా బయటికొచ్చాను.

నన్ను కొన్నది సూర్యాపేట అమ్మాయి. అటువైపు బస్సుల్లో వచ్చి ఎల్బీనగర్‌లో దిగే పిల్లలు బ్యాగులు మోసుకుంటూ దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లకు చేరేవాళ్లు. గదిలో నలుగురు, పుస్తకం ఒక్కటి, కంప్యూటర్ లేదు. అందుకని ప్రోగ్రామ్ ముందు నా మీదే నడిచేది. ఏ లైను దగ్గర ఏ వేరియబుల్ విలువ ఎంతయిందో పెన్సిలుతో అంచుల్లో రాసుకుంటూ పోయేవాళ్లు. మర్నాడు ల్యాబ్‌లో అదే జవాబు వస్తే, ఆ పేజీ ఇక వాళ్ల సొంతం.

నా పదకొండో అధ్యాయం థ్రెడ్లది, అంటే ఒకే ప్రోగ్రామ్‌లో ఒకేసారి సాగే పనులది. అక్కడ ‘సింక్రనైజ్డ్’ అన్న మాట పక్కన ఆ అమ్మాయి ‘బోరింగు కాడ బిందెల లైను’ అని రాసింది. రెండు థ్రెడ్లు ఒకే డేటా మీద ఒకేసారి పడకూడదు, ఒకటి వదిలాకే ఇంకొకటి పట్టుకోవాలి. తర్వాత నన్ను చదివినవాళ్లందరూ ముందు ఆ పెన్సిలు రాతే చదివారు. అది నాకు గర్వం.

2008లో ప్రోగ్రామర్లు ప్రశ్నలడిగి జవాబులు తెలుసుకునే స్టాక్ ఓవర్‌ఫ్లో సైట్ వచ్చింది. 2016లో జియోతో డేటా చవకై, పాఠాలు ఫోన్‌లోకి వచ్చేశాయి. ఎర్రర్ వస్తే నాలో వెతకడానికి అరగంట, ఫోన్‌లో నిమిషం. పిల్లల్ని ఎలా తప్పుపడతాను? పైగా 2017 నుంచి జావా ఆర్నెల్లకోసారి కొత్త వెర్షన్ తెస్తోంది. అచ్చు పుస్తకం దాన్ని అందుకోలేదు. ఆ ఏడాదే జావా 9, వెబ్ పేజీల్లో నడిచే చిన్న ప్రోగ్రాములైన ఆప్లెట్లను ఇక వాడొద్దంది. నాలో ఆ అధ్యాయం అక్కడితో చెల్లిపోయింది. 2022 చివర్లో వచ్చిన చాట్‌జీపీటీ అయితే ప్రోగ్రామే రాసిస్తోంది.

అయినా ఒక మాట అంటాను. అడగాలంటే ఏం అడగాలో తెలియాలి కదా! థ్రెడ్ అనేదొకటి ఉందనే తెలియని పిల్లవాడు దాని గురించి ఏమని వెతుకుతాడు? క్లాసులు, ఇన్‌హెరిటెన్స్, ఎక్సెప్షన్లు, ఆ తర్వాతే థ్రెడ్లు: ఏది ముందో ఏది వెనకో కూర్చి పెట్టడానికి రచయిత పడ్డ శ్రమే నా అసలు విలువ. వెర్షన్లు మారినా ఆ వరస పెద్దగా మారలేదు.

హాస్టల్ ఖాళీ చేసినప్పుడు పాత పేపర్లతో పాటు తూకానికి వెళ్లి, ఇప్పుడు మెట్రో పిల్లర్ల పక్కన ఫుట్‌పాత్ మీద ఉన్నాను. నా పక్కనున్న గ్రూప్స్, కానిస్టేబుల్, డీఎస్సీ పుస్తకాలు చకచకా అమ్ముడుపోతాయి. నిన్న ఒకబ్బాయి నన్ను తీసి, “అన్నా, ఇది పాతది కదా?” అన్నాడు.

“పాతదే తమ్మీ. టెక్నికల్ బుక్కులు ఇప్పుడెవరు కొంటలేరు. యాభై ఇచ్చి తీస్కపో.”

నాకు నోరుంటే చెప్పేదాన్ని: ఆప్లెట్లు వదిలెయ్ నాయనా, పదకొండో అధ్యాయం తియ్యి.