పచ్చ టిక్కు

అమెరికాలో సొంత లారీ పెట్టుకున్నవాడికి సరుకు మోయడం పెద్ద కష్టం కాదు. ఆ సరుకు మోయడానికి తను నమ్మదగినవాడినని రుజువు చేసుకోవడమే కష్టం. మా అక్కాబావలకి ఆ కష్టం ఎలా ఎదురైందో, చివరికి ఎక్కడికి తేలిందో చెబుతాను.

మా బావ వాళ్ల నాన్నకి విజయవాడలో లారీలుండేవి. ఆటోనగర్ గ్యారేజీల్లో తిరుగుతూ పెరిగాడు బావ. చదువుకుని డల్లాస్ వెళ్లి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసినా ఇంజిన్ చప్పుడు మీద మోజు పోలేదు. గ్రీన్‌కార్డు చేతికొచ్చింది. 2021లో అక్కడ లారీ కిరాయిలు ఆకాశాన్నంటాయి. బావ కమర్షియల్ లైసెన్సు తీసుకుని, మరుసటి ఏడాది చివర్లో లారీ ముందు భాగమైన ఒక పాత ట్రాక్టరు, అది లాగే 53 అడుగుల డ్రై వ్యాన్ ట్రెయిలరు కొన్నాడు. అప్పటికే కిరాయిలు బాగా పడిపోవడం మొదలైంది. బావ బండి తోలేవాడు, అక్క కాగితాలు చూసుకునేది. నేను హైదరాబాద్‌ మాదాపూర్‌లో అమెరికా లారీలకి లోడ్లు వెతికిపెట్టే ఆఫీసులో రాత్రి డ్యూటీ చేస్తాను. అక్కడ పగలు, ఇక్కడ నా పని వేళ. అందుకే అక్కకి ఏ సందేహం వచ్చినా ముందు నాకే ఫోను.

లారీ కొనగానే రోడ్డెక్కడానికి లేదు. రాష్ట్రాలు దాటి ఇతరుల సరుకు మోయాలంటే ఫెడరల్ మోటార్ క్యారియర్ సేఫ్టీ అడ్మినిస్ట్రేషన్ దగ్గర 300 డాలర్లు కట్టి అనుమతి తీసుకోవాలి. డాట్ నంబరు, ఎంసీ నంబరు వస్తాయి. కొన్ని వారాలు ఆగాలి. ఇన్సూరెన్సు కంపెనీయే నేరుగా ప్రభుత్వానికి ఫైలింగ్ పంపాలి. డాట్ నంబరూ కంపెనీ పేరూ బండికి రెండు పక్కలా, పట్టపగలు యాభై అడుగుల దూరం నుంచి చదవగలిగేంత పెద్ద అక్షరాల్లో రాయించాలి. ఆ నంబరు కొడితే కంపెనీ పేరు, చిరునామా, ఫోను, ఎన్ని బండ్లున్నాయి అన్నీ ప్రభుత్వ సైటులో ఎవరికైనా కనిపిస్తాయి.

అన్నీ అయ్యాక బావ, లోడ్లు ప్రకటించే ఆన్‌లైన్ లోడ్ బోర్డు తెరిచి బ్రోకర్లకి ఫోన్లు మొదలెట్టాడు. సరుకు ఉన్న కంపెనీకీ లారీకీ మధ్య నిలబడేది ఈ బ్రోకరే. ఫోనెత్తగానే ఒకటే ప్రశ్న: "ఎంసీ నంబరెంత?" చెప్పగానే రెండోది: "వచ్చి ఆర్నెల్లన్నా కాలేదే?" అక్కడితో ఫోను పెట్టేసేవాళ్లు. కొత్త నంబరుకి చాలామంది లోడ్లివ్వరు. ఆర్నెల్లు ఎవరూ ఇవ్వకపోతే ఆర్నెల్ల పాత బండి ఎక్కణ్నించి వస్తుందని బావ అడిగేవాడు. జవాబు చెప్పేవాళ్లు లేరు. ఇచ్చే కొద్దిమంది దగ్గర తక్కువ కిరాయికి తోలుతూ, బండి కిస్తీ, ఇన్సూరెన్సు కిస్తీ కడుతూ ఆర్నెల్లూ నెట్టుకొచ్చారు.

ఆ తర్వాత పోర్టల్ గండం. బ్రోకర్లు ఇప్పుడు కాగితాలు చేతికి తీసుకోరు. ఒక లింకు పంపుతారు. అందులో నమోదు కావాలి, ఒప్పందం మీద సంతకం పెట్టాలి, పన్ను ఫారం ఎక్కించాలి, ఇన్సూరెన్సు రుజువు చేయాలి. అన్నిటికీ పచ్చ టిక్కు పడితేనే లోడు.

అన్నిటికన్నా ఇన్సూరెన్సే ప్రాణం తీసేది. మామూలు సరుకుకి చట్టం అడిగే లయబిలిటీ బీమా ఏడున్నర లక్షల డాలర్లు, 1980ల నుంచీ మారని అంకె. బ్రోకర్లు దాంతో తృప్తి పడరు, పది లక్షలు అడుగుతారు. సరుకు బీమా తప్పనిసరి అన్న నిబంధనను మామూలు సరుకు విషయంలో ప్రభుత్వం 2011లోనే తీసేసింది. బ్రోకర్లు మాత్రం లక్ష డాలర్ల సరుకు బీమా లేనిదే మాట్లాడరు. ప్రభుత్వ సైటులో లయబిలిటీ వివరం ఉంటుంది గానీ సరుకు బీమా సంగతి, పాలసీలో ఏ బండి ఉందన్న సంగతి ఉండవు. అందుకని ఇన్సూరెన్సు సర్టిఫికెట్ కావాలి. అది బండి యజమాని పంపితే చెల్లదు. మార్చి రాసేవాళ్లున్నారు కాబట్టి ఇన్సూరెన్సు ఏజెంటు తన ఈమెయిల్ నుంచి నేరుగా పోర్టల్‌కి పంపాలి.

బ్రోకర్ల భయంలో న్యాయముంది. లోడు తీసుకుని, తను తోలకుండా ఇంకొకడికి తక్కువకి అమ్మి మధ్యలో డబ్బు కాజేసేవాళ్లు, సరుకుతో సహా మాయమయ్యేవాళ్లు ఆ రోజుల్లో బాగా పెరిగారు. తప్పుడు లారీకి సరుకిచ్చిన బ్రోకరు కోర్టు మెట్లెక్కాల్సి వస్తుంది. జాగ్రత్త పడాల్సిందే. కానీ ఆ జాగ్రత్త అంతా ఎవరి నెత్తిన పడిందో అక్కని అడగాలి.

"ఒరేయ్, పన్ను ఫారంలో కంపెనీ పేరు తర్వాత కామా ఉందంట, సర్టిఫికెట్లో లేదంట. సరిపోలలేదు అంటోందిరా," అని ఒకరోజు. కామా పెట్టించింది. "పాలసీలో ఉన్న బండి నంబరు సర్టిఫికెట్ మీద వెయ్యలేదంట," అని ఇంకోరోజు. వేయించింది. బ్రోకరు చిరునామాలో సూట్ నంబరు తప్పిందని మళ్లీ వెనక్కి. ప్రతి మార్పుకీ ఏజెంటుని బతిమాలాలి. ఆ ఏజెంటు ఆఫీసు సాయంత్రం అయిదింటికి మూసేస్తారు, శనాదివారాలు ఫోనెత్తరు. శుక్రవారం సాయంత్రం దొరికిన మంచి లోడు సోమవారం దాకా ఆగదు. బోర్డు మీద నిమిషాల్లో మాయమవుతుంది. పోర్టల్‌కి మనిషి గొంతు లేదు. ప్రశ్న రాసి పంపితే ఒక టికెట్ నంబరు వస్తుంది, అంతే.

బావ ఒకసారి నాతో అన్నాడు: "మా నాన్న లోడు కోసం వెళ్తే బ్రోకరు ఆర్సీ చూసేవాడు, ఇన్సూరెన్సు చూసేవాడు, డ్రైవరు లైసెన్సు చూసేవాడు. అనుమానమొస్తే పక్కనున్న ఇంకో లారీ ఓనర్ని అడిగేవాడు. ఏం చూసినా మనిషిని ఎదురుగా నిలబెట్టుకుని చూసేవాడు బామ్మర్దీ. ఇక్కడ నన్ను ఇంతవరకు ఒక్కరూ చూళ్లేదు."

ఇంతలో ఒక పెద్ద బ్రోకరు దగ్గర మంచి అవకాశం తగిలింది. ఫోర్ట్‌వర్త్ గోదాము నుంచి అట్లాంటాకి ఎనర్జీ డ్రింకుల పాలెట్లు, వారం వారం ఉండే లోడు. డ్రాప్ దగ్గర ఎదురుచూపులుండవు, డబ్బు వేళకొస్తుంది. అక్కడ ఎక్కితే ఇక ప్రతి ఉదయం బోర్డు ముందు కూర్చోనక్కర్లేదని అక్క ఆశ.

నమోదు చేద్దామని ఎంసీ నంబరు కొట్టింది. తెర మీద ఒక వాక్యం వచ్చింది: ఈ నంబరుతో ఖాతా ముందే ఉంది, లాగిన్ అవ్వండి.

అక్క పాస్‌వర్డ్ మార్పు అడిగింది. లింకు ఒక ఈమెయిల్‌కి పంపామంది పోర్టల్. మొదటి అక్షరం, చివరి అక్షరం తప్ప మిగతావన్నీ చుక్కలు. అది అక్కది కాదు. అనుమతికి దరఖాస్తు చేసేటప్పుడు ఒక ఏజెన్సీ చేత కాగితాలు వేయించారు. వాళ్లే అప్పట్లో తమ మెయిల్‌తో ఖాతా తెరిచి ఉంటారనుకుంది. ఏజెన్సీకి రాస్తే బదులు లేదు. పోర్టల్‌కి రాస్తే టికెట్ నంబరు వచ్చింది, కొన్నాళ్లకి జవాబు వచ్చింది: మీ ఖాతాలో ఇన్సూరెన్సు ధ్రువీకరణ పెండింగ్‌లో ఉంది. ముందు అది పూర్తి చేయించండి. ఈమెయిల్ మార్పు సంగతి ఆ తర్వాత పరిశీలిస్తాం.

అక్క ఆ వారమంతా ఏజెంటు వెంట పడింది. పోర్టల్ చెప్పినట్టు బ్రోకరు పేరు, చిరునామా, సూట్ నంబరు, బండి నంబరు, సరుకు బీమా అంకె, కామాతో సహా అన్నీ సరిచూసి, ఏజెంటు చేత నేరుగా పంపించింది. బుధవారం మధ్యాహ్నం టికెట్‌కి జవాబొచ్చింది: ఇన్సూరెన్సు ధ్రువీకరించబడింది, మీ ఖాతా యాక్టివ్.

"పచ్చ టిక్కు పడిందిరా!" అని అక్క ఫోన్లో అరిచిన అరుపు ఇంకా నా చెవుల్లో ఉంది. నాకప్పుడు రాత్రి ఒంటిగంట. లాగిన్ ఇంకా రాలేదు. అయినా గట్టెక్కామనుకున్నారు. బావ ఆ రెండ్రోజులు బండి యార్డులో పెట్టి టైర్లు మార్పించాడు.

శుక్రవారం ఉదయం బావ ఆ బ్రోకరుకి ఫోన్ చేసి, అట్లాంటా లోడు ఉందా అని అడిగాడు. అవతలి మనిషి నంబరు చూసి, "నిన్న మీ బండి ఎత్తిన లోడు ఎక్కడి దాకా వచ్చింది? రాత్రి నుంచీ మీ డ్రైవరు ఫోనెత్తడం లేదు," అన్నాడు.

"నిన్న నా బండి యార్డులో ఉంది," అన్నాడు బావ.

గురువారం తెల్లారగానే ఫోర్ట్‌వర్త్ గోదాముకి ఒక లారీ వచ్చింది. తలుపు మీద మా బావ కంపెనీ పేరు, మా బావ డాట్ నంబరు. అతికించి పీకేసే స్టిక్కరు. గేటు దగ్గర కాగితంలో ఉన్న పేరూ తలుపు మీద పేరూ కలిశాయి. ఎనర్జీ డ్రింకులు నింపుకుని వెళ్లిన ఆ లారీ అట్లాంటా చేరలేదు.

సరుకు యజమాని నష్టపరిహారం అడిగాడు. ఇన్సూరెన్సు కంపెనీ ఒక్క ముక్కలో తేల్చింది: పాలసీలో ఉన్నది ఒకే బండి, సరుకెత్తింది ఆ బండి కాదు, మాకు సంబంధం లేదు. అక్క అంత చెమటోడ్చి తెప్పించిన సర్టిఫికెట్ పైన మొదటి నుంచీ అచ్చయి ఉంది, అది కేవలం సమాచారం కోసమేనని, పుచ్చుకున్నవాళ్లకి దాని వల్ల ఏ హక్కూ రాదని. బ్రోకరు మా బావ నంబరు మీద మోసం అని రాసి పెట్టాడు. ఆ రాత మిగతా బ్రోకర్లకి కూడా కనిపిస్తుంది. ఫోన్లు ఆగిపోయాయి. దొంగ ఎవరో తెలియదు. తెలిసిన పేరు బావది ఒక్కటే.

బ్రోకరు కంపెనీలో మోసాల సంగతి చూసే ఆవిడ అక్కతో మాట్లాడింది. అక్క అడిగింది: "మా నంబరుతో ఖాతా తెరిచాడు, సరే. పేరూ చిరునామా ప్రభుత్వ సైటులోనే ఉన్నాయి. కానీ ఇన్సూరెన్సు? కామా తప్పితే మమ్మల్నే వెనక్కి పంపారే. మా ఏజెంటు పరాయివాడు అడిగితే ముక్క కూడా పంపడు. ఆ ఒక్కటీ వాడెలా దాటాడు?"

ఆవిడ ఫైలు తెరిచి చూసి చెప్పింది: "ఖాతా తెరిచినప్పటి నుంచీ అది ఇన్సూరెన్సు దగ్గరే ఆగిపోయి ఉందమ్మా. అది లేకుండా మేం లోడివ్వం. బుధవారం మీ ఏజెంటు పంపిన సర్టిఫికెట్ ఎంసీ నంబరుని బట్టి ఆ ఖాతాలోకే చేరింది. అప్పుడే టిక్కు పడింది. గంటలోపే అతను లోడు బుక్ చేసుకున్నాడు."

ఎంసీ నంబరున్న ప్రతి తెలుగు కుటుంబాన్నీ అక్క తరఫున వేడుకుంటున్నాను. మీరు తెరవని ఖాతా ముందే ఉందని పోర్టల్ చెబితే ఒక్క కాగితం కూడా పంపకండి, ఏజెంటునీ పంపనివ్వకండి. బ్రోకరు ఆఫీసుకి ఫోన్ చేసి, మనిషి పలికేదాకా వదలకుండా, ఆ ఖాతా ఎవరు తెరిచారో ముందు తేల్చుకోండి.