వర్కవుట్ గారికి బహిరంగ లేఖ

ఆలమూరు.

వర్కవుట్ గారూ,

'అండి' లేనిదే మా కోనసీమలో తిట్టుకోవడం కూడా ఉండదు కాబట్టి మర్యాదగానే చెబుతున్నానండి: మీరు మా ఊళ్లో మరీ చనువు తీసుకుంటున్నారు.

మడికి కూరగాయల మార్కెట్లో బేరగాడు వంకాయల బస్తా కెలికి చూసి, "వర్కవుట్ అవ్వదండి" అని పక్క బస్తా దగ్గరికి వెళ్లిపోతాడు. ధర ఎక్కువైందా, పుచ్చులున్నాయా, లారీ కిరాయి పెరిగిందా? చెప్పడు. ఎంత తగ్గించాలో రైతుకి అంతుపట్టదు. పెళ్లిచూపులయ్యాక మధ్యవర్తి ఫోన్ చేస్తాడు: "సంబంధం వర్కవుట్ అవ్వలేదండి." ఇచ్చిపుచ్చుకోవడాల దగ్గర తేడా వచ్చిందా, జాతకాలు కలవలేదా, పిల్లాడికి మనసు లేదా? కాదన్నది ఎవరో కూడా తేలదు. దానంతట అదే అవ్వలేదట!

పుట్టింట్లో మీకు బోలెడు పనులు. ఇంగ్లీషువాడు లెక్క తేల్చడానికీ, ఉపాయం ఆలోచించడానికీ, కసరత్తుకీ మిమ్మల్నే పిలుస్తాడు. తప్పించుకునే గుణం అక్కడా ఉందనుకోండి. విడిపోయిన జంటలు మీ పేరే చెబుతారు. ఇక్కడికొచ్చాక 'చేయడం' తోడైతే జిమ్ము, 'అవ్వడం' తోడైతే బేరం. లెక్క తేల్చే పని మాత్రం దాదాపు మానేశారు.

మాకు డబ్బు దగ్గర తేడా అయితే గిట్టదు, వీలు లేకపోతే కుదరదు, మనుషులకి సరిపడకపోతే పొసగదు. ఏది అన్నా సగం కారణం బయటపడిపోతుంది. మొహమాటస్థులకి అదే ఇబ్బంది, అందుకే మీరు ముద్దొచ్చారు.

2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు నాట్లు మానేసి పంట విరామం ప్రకటించారు. ఆ ఏడాది సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాకి 1,080 రూపాయలు. కూలికీ ఎరువుకీ పెట్టింది తిరిగి రావట్లేదు, గిట్టుబాటు ధర కావాలన్నారు. ఆ మాట వింటే ఖర్చెంత, ధరెంత అని అవతలివాడు లెక్క తీయక తప్పదు. రాష్ట్ర ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. "వ్యవసాయం వర్కవుట్ అవ్వట్లేదండి" అని ఉంటే? "అయ్యో, పాపం" అని ఊరుకునేవారు.

జిమ్ములో ఎన్నాళ్లైనా ఉండండి, పేచీ లేదు. మధ్యవర్తి నోట్లోంచి మాత్రం మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యేలోపు దిగిపోండి. ఎందుకు కాదన్నారో తెలిస్తే, ఆ పిల్ల తండ్రి ఇంకో సంబంధం చూసుకుంటాడు.

ఇట్లు,
ఆలమూరు వాస్తవ్యుడు