హాజరు పట్టీలో తిరుగుబాటు

రాత్రి ఒంటిగంట. హాస్టల్ వార్డెన్ టార్చిలైటు వేసుకుని ఆఖరి రౌండు కొట్టి వెళ్లాడు. దుప్పటి కింద తిరుగుబాటు మొదలైంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, ఫోన్లో పదిహేను శాతం చార్జింగు, కళ్ల ముందు పబ్జీ ఆటలోని ఎరాంగెల్ దీవి. 'రేయ్, పోచింకిలో దిగుదాం... చెట్టు వెనకాల ఎనిమీరా... నాక్ అయిపోయా, రివైవ్ ఇవ్వరా బాబూ!' ఈ కుర్రాణ్ణి చూసి గేమ్ ఆడుకుంటున్నాడనుకునేరు. సమాజాన్ని ధిక్కరిస్తున్నాడు. కావాలంటే అడిగి చూడండి. 'ఈ చదువులు, ఈ ర్యాంకులు, ఈ ప్యాకేజీలు... ఈ సిస్టమే నాకొద్దు బ్రో' అంటాడు.

శభాష్. ఎంసెట్ ర్యాంకును ఎడమకాలితో తన్నిన ఈ వీరుడు ఎక్కడ తేలాడయ్యా అంటే, బ్రాంజ్‌లో తేలాడు. బ్రాంజ్ దాటితే సిల్వర్, ఆ పైన గోల్డ్, ప్లాటినం, డైమండ్, క్రౌన్, ఏస్. అన్నిటికీ పైన కాంకరర్. సర్వర్ మొత్తంలో మొదటి 500 మందికే ఆ పీట. ఎంసెటే నయం, ఓసారి వచ్చిన ర్యాంకును ఎవరూ వెనక్కి లాక్కోరు. ఇక్కడ సీజన్ మారగానే ర్యాంకు కిందికి జారుతుంది, మళ్లీ మొదలుపెట్టి పుష్ చేసుకోవాలి. కాలేజీలో 75 శాతం హాజరుంటే పరీక్షకు రానిస్తారు. ఇక్కడ రోజూ లాగిన్ కావాలి, లేదంటే ఆ రోజు బహుమతి గోవిందా. పైగా డైలీ మిషన్లు, వీక్లీ మిషన్లు. ఫలానా తుపాకీతో ఇంతమందిని లేపెయ్, ఫలానా మ్యాపులో ఇన్ని ఆటలు ఆడు. హోంవర్కు ఇచ్చిన లెక్చరర్‌ని హిట్లర్ అన్న నోరు ఇక్కడ కిక్కురుమనదు. పని వేళకి పూర్తవుతుంది, అదీ పైసా జీతం లేకుండా. జీతం సంగతి దేవుడెరుగు, ఎదురు ఫీజు కట్టాలి. దాని పేరు రాయల్ పాస్.

'యూనిఫాం వ్యక్తిత్వాన్ని చంపేస్తుంది' అని క్యాంటీన్లో ఉపన్యాసం దంచిన ఈ మనిషే రాత్రికి 'డాడీ, ఫోన్‌పేలో ఓ ఐదొందలు కొట్టవా, రికార్డు బుక్కులు కొనాలి' అంటాడు. ఆ రికార్డు బుక్కు పేరు యూసీ, అంటే ఆటలో చెల్లే సొమ్ము. యూసీతో క్రేటు అనే బహుమతుల పెట్టె తెరవాలి. రాసిపెట్టి ఉంటే తుపాకీకి మంచురంగు పూత, అంటే స్కిన్, వస్తుంది, లేకపోతే ఎవరికీ అక్కర్లేని టోపీ వస్తుంది. ఆ పూత వల్ల గురి కుదరదు, ఆ టోపీ తూటాని ఆపదు. అయినా కొనాల్సిందే, ఎందుకంటే లాబీలో పక్కవాడు వేసుకొచ్చాడు. పెళ్లిలో ఎదుటావిడ కంచిపట్టు చూసి కుళ్లుకునే పిన్నిగారి మీద మీమ్స్ చేసేదీ ఈ వీరుడే.

ఇంతకీ పెద్ద పెట్టుబడిని ఎదిరించడానికి ఈయనలాంటి వీరులు చేరిన కోటలు ఎవరివి? 2023 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ దాదాపు 6,900 కోట్ల డాలర్లు పోసి గేమ్ కంపెనీ యాక్టివిజన్ బ్లిజార్డ్‌ను కొనేసింది. కాల్ ఆఫ్ డ్యూటీ ఆట ఆ దుకాణంలోని సరుకే. 2025 సెప్టెంబరులో మరో గేమ్ కంపెనీ ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌ను 5,500 కోట్ల డాలర్లకు కొంటున్నామని సౌదీ అరేబియా ప్రభుత్వ పెట్టుబడి నిధి, దాని భాగస్వాములు ప్రకటించారు. తిరుగుబాటుదారుల మీద రాజుల ఖజానాకు ఇంత ప్రేమ పుట్టడం చరిత్రలో ఎక్కడా చదవలేదు. వాళ్లేం అమాయకులు కారు. సిస్టమ్‌ను తిట్టుకుంటూ రోజుకు ఐదు గంటలు సిస్టమ్‌కే పనిచేసే మనిషి విలువ వాళ్లకు బాగా తెలుసు.

ఇక సర్కారువారి సంగతి. నిజం చెప్పొద్దూ, ఈ ఆట తిరుగుబాటులా కనిపించిన రోజు ఒకటుంది. 2019 మార్చిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో పబ్జీని నిషేధించి, ఆడుతున్న కుర్రాళ్లను పోలీసులు అరెస్టు చేశారు. మరుసటి ఏడాది సెప్టెంబరు 2న కేంద్రమే రంగంలోకి దిగింది. దేశ సార్వభౌమత్వానికి ముప్పంటూ 118 యాప్‌ల మీద వేటు వేస్తే, అందులో పబ్జీ ఒకటి. కుర్రాళ్లు భగత్‌సింగ్ స్థాయికి ఎదిగే ఘడియ వచ్చిందనుకున్నాం. ఎక్కడిది! 2021 జులైలో అదే ఆట పేరు చివర 'ఇండియా' అని తోక తగిలించుకుని, నెత్తురుకు ఆకుపచ్చ రంగు పులుముకుని తిరిగొచ్చింది. సార్వభౌమత్వం ఊపిరి పీల్చుకుంది. 2022 జులైలో మళ్లీ తీసేశారు, 2023 మేలో మళ్లీ పెట్టారు. ఈలోగా, 2022 డిసెంబరులో, ఈ-స్పోర్ట్స్‌కు క్రీడల శాఖ నీడ దొరికింది. 2024 ఏప్రిల్‌లో ప్రధానమంత్రి పేరున్న గేమర్లను ఇంటికి పిలిచి, వాళ్లతో కూర్చుని ఆడి మరీ పంపారు. ప్రభుత్వ గుర్తింపు పొందిన తిరుగుబాటు ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందేమో వెతకండి.

పెద్దలను వదిలేస్తే పాపం తగులుతుంది. 'వీడు ఆ దిక్కుమాలిన ఆటతో నాశనమైపోతున్నాడండీ' అని వాపోయే నాన్నగారు సంక్రాంతికి భీమవరం పక్క బరిలో కోడి మీద పొలం కౌలు డబ్బు కాస్తారు. అది సంప్రదాయం. బాబాయిగారు తెలంగాణలో 2017లో, ఆంధ్రలో 2020లో నిషేధించిన ఆన్‌లైన్ రమ్మీని లొకేషన్ మార్చి మరీ ఆడారు. అది నైపుణ్యం. డబ్బు పెట్టి ఆడే ఆటలన్నిటికీ, వాటి ప్రకటనలకీ కేంద్రం 2025 ఆగస్టులో చట్టం తెచ్చి తాళం వేసేదాకా సినిమా తారలు టీవీలో రమ్మీకి రమ్మని పిలుస్తూనే ఉన్నారు. అది వినోదం. పిల్లాడు ఆడితే మాత్రం వ్యసనం. ఇలాంటి పెద్దలున్న ఇంట్లో పిల్లాడికి ధిక్కరించాలనిపించడం సహజమే. కాకపోతే, నాన్న కోడి మీద కాశాడు, కొడుకు తుపాకీకి రంగు కొన్నాడు. వారసత్వాన్ని ధిక్కారం అంటే ఎలా?

ఆటలో ధిక్కారం అసలు లేదని కాదు. అమెరికా సైన్యం కుర్రాళ్లను చేర్చుకోవడానికి 2002లో 'అమెరికాస్ ఆర్మీ' అనే గేమ్ వదిలింది. జోసెఫ్ డిలాప్ అనే కళాకారుడు 2006లో అందులో చేరి తుపాకీ కింద పడేశాడు. కదలకుండా నిలబడి, ఇరాక్‌లో చనిపోయిన అమెరికన్ సైనికుల పేర్లు, వయసు, పోయిన తేదీ చాట్‌లో టైపు చేస్తూ కూర్చున్నాడు. పక్కవాళ్లు కాల్చేశారు. మళ్లీ పుట్టినప్పుడల్లా మళ్లీ పేర్లు టైపు చేశాడు. 2019 అక్టోబరులో హాంకాంగ్‌కు చెందిన బ్లిట్జ్‌చంగ్ అనే హార్త్‌స్టోన్ ఆటగాడు గెలిచాక ఇచ్చిన ఇంటర్వ్యూలో ముఖానికి మాస్కు తగిలించుకుని తన నగరానికి విముక్తి కావాలని నినదించాడు. ఆ ఆట యజమాని బ్లిజార్డ్ కంపెనీ ప్రైజ్‌మనీ ఆపేసి ఏడాది పాటు గెంటేసింది. లోకం దుమ్మెత్తిపోశాక డబ్బు తిరిగిచ్చి, శిక్షను ఆరు నెలలకు కుదించింది. ఒకాయన ఆట చెప్పిన పని మానేశాడు, ఇంకొకాయన ఆట చెప్పని పని చేశాడు. ఇద్దరికీ క్రేట్లు రాలేదు, స్కిన్లూ రాలేదు.

కాబట్టి వీరా, ఆడుకో. చదివి చదివి బుర్ర వేడెక్కినప్పుడు గంటసేపు ఆడుకోవడానికి సిద్ధాంతం అక్కర్లేదు, సరదా చాలు. మీ నాన్నగారికీ అదే చెప్పు. కానీ తిరుగుబాటు అనే మాట నోటికొస్తే మాత్రం ముందు ఒక్క లెక్క చూసుకో: నువ్వు చేసిన పనికి కంపెనీ నిన్ను గెంటేసిందా, లేక ఏడో రోజు లాగిన్‌కు బోనస్ ఇచ్చిందా? బోనస్ అందుకున్నవాణ్ణి ఏ భాషలోనూ తిరుగుబాటుదారు అనరు. ఖాతాదారు అంటారు.