హెచ్-ఇండెక్స్ ఎంతండీ?

ఈమధ్య ఏటా జిల్లా పేజీలో ఓ వార్త తప్పడం లేదు: ప్రపంచంలో పై రెండు శాతం శాస్త్రవేత్తల్లో మన అధ్యాపకుడు. వెంటనే హైవే పక్కన ఫ్లెక్సీ, శాలువా, దండ. ఇంతకీ ఆయన ఏం కనిపెట్టాడయ్యా అంటే ఫ్లెక్సీ కట్టినవాడికీ తెలీదు, కట్టించినవాడికీ తెలీదు. పేపర్లు మాత్రం వందల్లో ఉన్నాయట.

మా రోజుల్లో గుంటూరు దగ్గరి లాం వ్యవసాయ పరిశోధనా ఫారం సైంటిస్టును పేపర్లెన్నని మా మార్టూరులో ఎవడూ అడిగిన పాపాన పోలేదు. జీ-4 మిరప ఎకరాకి ఎంత దిగింది, తాలు ఎంత పోయింది, యార్డులో రంగు నిలబడిందా లేదా, అదే లెక్క. ఎనభైల్లో తెల్లదోమ పత్తిని ఊడ్చేసి రైతులు ప్రాణాలు తీసుకుంటుంటే, దాన్ని తట్టుకునే కాంచన, ఎల్‌కే-861 అక్కణ్ణించే వచ్చాయి. 1986లో విడుదలైన బీపీటీ 5204 వరి సంగతి చెప్పనే అక్కర్లేదు. బీపీటీ అంటే బాపట్లే. రెండు రాష్ట్రాలూ ఆ అన్నమే తింటున్నాయి. తినేవాళ్లలో ఒక్కడైనా దాన్ని తీసినవాళ్ల హెచ్-ఇండెక్స్ అడిగాడా?

ఆ హెచ్ ఏమిటో మా మనవరాలు చెప్పింది. అదీ ఓ యూనివర్సిటీలో చేస్తోందిలెండి. హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త 2005లో పెట్టిన లెక్కట. ఇరవై పేపర్లు, ఒక్కోదాన్నీ కనీసం ఇరవైసార్లు ఇతర పేపర్లు పేర్కొంటే (అదే సైటేషన్) హెచ్ ఇరవై. మరి లెక్కల మాస్టారికి ఏళ్లకో పేపరు, వైద్యంలో ఒక్క పేపరు మీద యాభైమంది సంతకాలు. ఇద్దర్నీ ఒకే కాటాలో తూస్తారా? అందుకేనట, ఆ రెండు శాతం జాబితా వేసే స్టాన్‌ఫోర్డ్ ప్రొఫెసర్ అయోనిడిస్ శాస్త్రాల్ని 22 రంగాలుగా, 174 ఉపరంగాలుగా విడదీశాడు. ఎవరి పేపరును వాళ్లే పేర్కొన్నవి తీసేసి కూడా చూపిస్తాడట. ఆ మాట మాత్రం ఏ ఫ్లెక్సీ మీదా కనపడలేదు.

పేపర్ల లెక్కకు అందనివాడని నేను మన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు పేరెత్తాను. హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు, 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్లిపోయాడు. దానికి మనవరాలు ఎగిరి గంతేసింది. "తాతయ్యా, ఫిస్క్‌తో కలిసి ఆయన రాసిన 1925 పేపరు అత్యధిక సైటేషన్ల జాబితాల్లో ఉంది తెలుసా? నువ్వు తిట్టే లెక్కే ఆయన్ని గుర్తుపెట్టుకుంది." సరే, దేనికొచ్చాయి ఆ సైటేషన్లు? భాస్వరం కొలిచే పద్ధతికి. 1951లో ప్రొటీన్ కొలిచే పద్ధతి రాసిన లౌరీ పేపరుకు మూడు లక్షలు దాటాయట. కొలత పద్ధతి చెబితే ప్రతివాడూ పేరు రాస్తాడు. బోదకాలుకు ఇంటింటికీ పంచిన డీఈసీ మాత్ర కూడా లెడర్లీలో సుబ్బారావు నడిపిన పరిశోధనలోంచే వచ్చింది. మాత్ర మింగినవాడు ఎక్కడ సైట్ చేస్తాడమ్మా?

2010లో యూజీసీ పేపర్లకు మార్కులు పెట్టింది, దాంతో అవి యార్డు సరుకైపోయాయి. డబ్బు కడితే అచ్చేసే పత్రికలు పుట్టుకొచ్చాయి. మన హైదరాబాదు ఓమిక్స్ సంస్థ మీద 2019లో అమెరికా కోర్టు ఐదు కోట్ల డాలర్ల పైచిలుకు తీర్పిచ్చింది. మంచి పత్రికలివీ అని యూజీసీ కేర్ జాబితా పెట్టింది, 2025లో దాన్నీ ఎత్తేసింది. పత్రిక పేరును బట్టే విలువ కడితే ఎలా? స్టాటిస్టిక్స్ పండితుడు సి.ఆర్. రావు పాతికేళ్లు నిండీ నిండని వయసులో, 1945లో, కలకత్తా గణిత సంఘం బులెటిన్‌లో ఓ పేపరు రాశాడు. క్రామర్-రావు సూత్రం అందులోదే. అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి 2023లో వచ్చింది, ఆయనకు 102 ఏళ్లప్పుడు. ఇప్పటి కుర్రాడు అలాంటి పత్రికలో రాస్తానంటే గైడు ఒప్పుకుంటాడా? ముందు ఆ పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఎంతో చెప్పమంటాడు.

మనవరాలిదీ ఆ బాధే, ప్రమోషన్ ఫైలుకు ఇంకా పేపర్లు కావాలట. పోనీ ఏం రాస్తున్నావే అంటే నల్ల తామరపురుగు మీద అంది. 2021లో మా మిరప పూతంతా రాల్చేసింది ఆ మాయదారి పురుగే. దాని మీద దేశంలో బోలెడు పేపర్లు వచ్చాయట, సైటేషన్లూ బాగానే పడుతున్నాయట. ఆ ఏడు ఏ మందు కొట్టాలో మేం మాత్రం పురుగుమందుల కొట్టువాణ్ణే అడిగాం. వాడేమో మూడు డబ్బాలు కలిపి కొట్టమన్నాడు.