రాకుమారుడు లెక్కపెట్టిన కష్టాలు

నేను హామ్లెట్ నాటకం ప్రతిని. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఒక ఆదివారం నన్ను కొన్న డిగ్రీ అమ్మాయి అత్వెల్లికి తెచ్చుకుంది. మేడ్చల్ దాటాక, 44వ నంబరు జాతీయ రహదారి లారీల హోరు వినిపించే ఇల్లు మాది.

మా వంశం పాతది. 1603లో లండన్‌లో అచ్చయిన మా మొదటి పూర్వీకుడు పొట్టివాడు. 1604–05లో వచ్చినవాడు దాదాపు రెట్టింపు. 1623లో షేక్‌స్పియర్ నాటకాల పెద్ద సంపుటంలోనూ మాకు చోటు దొరికింది. బతకాలా వద్దా అని హామ్లెట్ తనలో తాను తర్కించుకునే స్వగతం మొదటి ప్రతిలో కథకు ముందు భాగంలోనే వస్తుంది. తర్వాతి రెండింటిలో ఇప్పుడు మూడో అంకంగా లెక్కించే చోట ఉంది.

ఆ పేజీలో నాకు మచ్చలెక్కువ. పాత యజమానులు పెన్సిలుతో ‘పిరికితనం’ అని ఒకచోట, ‘పరీక్షకు ముఖ్యం’ అని ఇంకోచోట రాశారు. ఆ రాతల కింద అసలు మనిషి కనిపించకుండా పోతాడేమోనని నాకు బెంగగా ఉండేది.

ఒక సాయంత్రం అమ్మాయి ఆ పేజీ చదువుతూ వాళ్ల తాతకు తెలుగులో చెప్పింది. బలవంతుడి దౌర్జన్యం, గర్విష్ఠి చేసే అవమానం, ఎంతకీ తెమలని న్యాయం, అధికారంలో ఉన్నవాడి పొగరు, అర్హుడికి అనర్హుడి చేతిలో తిరస్కారం: ఇవన్నీ మనిషి ఎందుకు భరిస్తాడని హామ్లెట్ అడుగుతాడంది. భూమి తగాదాలో ఏళ్ల తరబడి తిరిగిన ఆ పెద్దాయన తల పైకెత్తాడు.

“గివన్నీ రాజు కొడుకు కష్టాలా బిడ్డా? కచేరీల సుట్టు తిరిగెటోళ్లయి గదా!”

“అవును తాతా. తన కష్టం ఇందుల ఒక్క ముక్క సుత చెప్పుకోలేదు.”

నిజమే. హామ్లెట్ తండ్రిని చంపింది చిన్నాన్నేనని ఆ తండ్రి ప్రేతాత్మే చెప్పింది. తల్లి ఆ చిన్నాన్ననే పెళ్లాడింది. ఆ మాటలేవీ ఈ స్వగతంలో లేవు. అందులో హామ్లెట్ ‘నేను’ అనడు, ‘మనం’ అంటాడు. చావు నిద్రలాంటిదైతే అందులో ఎలాంటి కలలొస్తాయోనన్న భయమే మనుషుల్ని బతుకు బరువు కింద నిలబెడుతోందంటాడు. చావు లోకానికి వెళ్లినవాళ్లెవరూ తిరిగి రారనీ అంటాడు. తిరిగొచ్చిన తండ్రి ఆత్మను చూసినవాడే ఆ మాటంటున్నాడు! నాకు అది మరుపుగా తోచదు. ఆ క్షణంలో అతను తన కథలోంచి బయటికొచ్చి, అలాంటి సాక్ష్యం దొరకని మామూలు మనుషుల పక్షాన ఆలోచిస్తున్నాడు. చాటునుంచి రాజైన ఆ చిన్నాన్న, అతని మంత్రి పొలోనియస్ పొంచి వింటున్న చోట, ఆ రాజ్యంలో అణగారినవాళ్ల ఫిర్యాదు రాకుమారుడి నోట వచ్చింది.

ఆ రాత్రి అమ్మాయి ‘పిరికితనం’ పక్కన ‘మనందరి మాట’ అని రాసింది. నా ఒంటిమీద నేను గర్వపడే రాత అదొక్కటే. నన్ను తెరిచేవాళ్లు హామ్లెట్ ధైర్యవంతుడా, పిరికివాడా అని తీర్పు చెప్పేముందు, అతను లెక్కపెట్టిన కష్టాలు ఎవరివో చూడాలి. వాటిని పడ్డవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని చదవాలి.