పండుగప్ప దవడలో మూడు రాత్రులు

నేను గాలాన్ని. చూపుడువేలంత పొడవు, కొస దగ్గర వెనక్కి తిరిగిన ముల్లు, తల దగ్గర దారం దూరేటంత కన్ను. 1877 నుంచి గాలాలు చేస్తున్న నార్వే కంపెనీ ముస్టాడ్ పెట్టెలో వందమందిమి కలిసి నెల్లూరు వచ్చాం. వలల దుకాణంలో పెట్టె విప్పాక తలా ఒక దిక్కయ్యాం. కొందరు సొరల తాళ్లకు పోయారు, కొందరు వంజరం వేటకు పోయారు. నన్ను ఊటుకూరు దాపున ఉన్న పట్టపుపాళెం నుంచి వచ్చిన ఒక తాత కొనుక్కున్నాడు.

ఇంటికి తెచ్చి ముందు ఆకురాయితో సాన పెట్టాడు. బొటనవేలి గోటి మీద ఆనించి మెల్లగా లాగాడు. కొస జారితే మళ్లీ సాన. గోటిని పట్టుకుని నిలబడితేనే పదునెక్కినట్టు. తరవాత అవ్వ పాతచీర అంచులోంచి పచ్చపోగు లాగి, నైలాన్ దారం మీద, నా మెడకు ఏడు చుట్లు చుట్టి ముడేశాడు. పాళెంలో ఎవరి ముడి వాళ్లది. కటిక చీకట్లో తడిమినా ఇది నాదని చెప్పగలగాలి.

పెన్నమ్మ సముద్రంలో కలిసేది ఊటుకూరు దగ్గరే. ఎండాకాలంలో ఇసుక మేట వేసి మొగ సన్నబడుతుంది. కార్తీకం వానలకు ఎర్రనీళ్లు తోసుకొచ్చి వెడల్పవుతుంది. 2021 నవంబరులో అయితే పెన్న ఉగ్రరూపమే చూపించింది. పడుగుపాడు దగ్గర రైలుకట్ట కూడా కొట్టుకుపోయింది. మంచినీరూ ఉప్పునీరూ కలిసే ఆ మొగలోనే పండుగప్ప కాపు కాస్తుంది. పగలంతా నీడపట్టున కదలకుండా ఉండి, పొద్దుగూకాక వేట మొదలుపెడుతుంది. తాతా అంతే.

తెప్ప మీద తాత, మనవడు. ఎర ప్రాణంతో ఉన్న రొయ్య. తోక దగ్గర గట్టిచోట నన్ను గుచ్చితే అది చావదు, ఈదుతూ ఉంటుంది. దాన్ని మోస్తూ నేను నీళ్లలోకి దిగుతాను. పైన మాటలు నాకు దారం గుండా వినిపిస్తాయి.

"టార్చి ఎయ్యబాక రా అబ్బయా. ఎలుతురు పడిందంటే ఇంక తెల్లారిందాకా ఈ పక్కకు రాదు."

"మరి అది యాడుండాదో ఎట్టా తెలస్తాది తాతా?"

"చెవులుండాయి గదా నీకు."

నిజమే, దాన్ని చెవులతోనే పట్టాలి. పండుగప్ప ఎరను కొరకదు. ఒక్కసారిగా నోరు తెరిచి నీటితో సహా లోపలికి పీల్చుకుంటుంది. అప్పుడు నీటి మీద గుబుక్కుమని చప్పుడవుతుంది. ఆ చప్పుడు ఎంత దూరంలో, ఎటువైపు అయిందో విని తాత దారం వదులుతాడు. అమావాస్య చీకట్లో కంటికి కనపడని జీవులు నీటిని మెరిపిస్తాయి. ఆ రాత్రుల్లో దారం కదిలితే అది కూడా వెలుగుగీతై చేపకు తెలిసిపోతుంది. అందుకే తాత వేలు కదలదు. గంట, రెండు గంటలు, పాటు తిరిగే దాకా. ఉత్తర అమెరికా సరస్సుల్లో మస్కీ అనే పెద్దచేప కోసం జనం ఇలాగే రాత్రుళ్లు పడవల్లో కూర్చుంటారు. దాన్ని పదివేల విసుర్లకు పడే చేప అంటారట. మా తాత అన్నేసిసార్లు విసరడు. ఒక్కసారి వేసి కాచుకుంటాడు.

ఆ రాత్రి పడ్డది మామూలు చేప కాదు. దవడ మూలలో నేను దిగీ దిగగానే పైకి ఎగిరి, గాల్లో తల విదిలించింది. మనవడు అదిరిపోయి టార్చి వేశాడు. దాని కళ్లు నిప్పుకణికల్లా ఎర్రగా వెలిగాయి. మళ్లీ నీళ్లలో పడి పక్కకు ఒరిగింది. పండుగప్ప మొప్ప అంచు కత్తివాదర. నైలాన్ దారం దాని మీద ఒక్కసారి ఒరిసింది, అంతే. తాత చేతిలో దారం ఉత్తదైపోయింది. నేను చేపతో వెళ్లిపోయాను.

మూడు రాత్రులు దాని దవడలోనే ఉన్నాను. అంతవరకూ చేపంటే నాకు లాగుడు, బరువు, పోరు. ఇప్పుడు అది వేటాడేటప్పుడు నేనూ వేటలో ఉన్నాను. మునిగిన మొద్దు నీడలో అది ఎంతసేపు నిశ్చలంగా ఉండగలదో చూశాను. తాత ఓపిక గొప్పదనుకున్నాను గానీ ఆ ఓపిక చేపను చూసే నేర్చుకున్నాడేమో. అంత పెద్దదంటే ఆడదే అయ్యుండాలి. పండుగప్పలు మగవిగా ఎదిగి, కొన్నేళ్లకు ఆడవిగా మారతాయి. అమావాస్య, పున్నమి పోట్లకు మొగ దగ్గరికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. పిల్లలు కాలవల్లోకి, కయ్యల్లోకి ఎగబాకుతాయి. చెన్నైలోని ఉప్పునీటి చేపల పరిశోధన సంస్థ వాళ్లు 1997లో దీన్ని తొట్లలోనే గుడ్లు పెట్టించి పిల్లల్ని తీశారు. ఇప్పుడు చెరువుల్లోనూ పెంచుతున్నారు. మంచిదే. అయినా మొగ చీకట్లో పెరిగిన చేప బలం వేరు, నా ఇనుముకు తెలుసు.

రెండో రాత్రి తూర్పున సముద్రం మీద తెల్లటి వెలుగు లేచింది. ఏదో పడవ ఎల్‌ఈడీ దీపాలు దించి చేపల్ని పోగేస్తోంది. ఆ దీపాల వేటను 2017 నవంబరులోనే కేంద్రం నిషేధించింది. అయినా వెలిగింది. నెత్తళ్లు, కవళ్లు, పిల్లాజెల్లా అన్నీ అటే లాగబడ్డాయి. నా చేప మాత్రం ఇంకా లోతుకు, ఇంకా చీకట్లోకి పోయింది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, ఆ 61 రోజులూ సముద్రానికి విశ్రాంతి అని మోటారు పడవలన్నీ ఒడ్డెక్కుతాయే, చీకటికి కూడా అలాంటి విశ్రాంతి కావాలని నాకనిపించింది.

మూడో తెల్లవారుజామున అది పొరుగతని వలలో చుట్టుకుంది. ఇసుక మీద పడేసి దవడ విప్పి చూశాడు. పచ్చపోగు కనపడింది. వేలితో తడిమాడు.

"ఇది మామ ముడే."

చేపను వేలానికి పంపే ముందు తలకాయ కోసి అవ్వకు పులుసుకని పంపాడు. నన్ను తానే తెచ్చి తాత అరచేతిలో పెట్టాడు. "చేప నా వలది, గాలం నీది మామా" అన్నాడు. తాత ఏమీ అనలేదు. నన్ను వెలుతురుకేసి తిప్పి, ఒంగలేదు కదా అని చూసుకున్నాడు. తరవాత ఆకురాయి తీశాడు.

మొన్న అమావాస్యకు నన్ను కట్టింది మనవడు. కళ్లు మూసుకుని కట్టాడు. తాత తడిమి, ఏడు చుట్లలో ఒకటి వదులైందని విప్పించాడు. పిల్లవాడు మళ్లీ పోగు తీశాడు.