మరమ్మతు ఎవరి పద్దు?

టెలిఫోను చెడిపోవడం సాంకేతిక సమస్య అని ఇంజనీరింగ్ గ్రంథాలు చెబుతాయి గానీ, చరిత్రను బట్టి చూస్తే అది చాలావరకు జమాఖర్చుల సమస్య. మరమ్మతు ఖర్చు తయారీదారు పద్దులో ఉన్నంతకాలం తరాలు గడిచినా మోగిన ఫోను, ఆ ఖర్చు కొన్నవాడి పద్దులోకి మారగానే అప్పడంలా విరగడం నేర్చుకుంది.

అమెరికాలోని బెల్ వ్యవస్థ, అంటే ఏటీ అండ్ టీ, దాని ప్రాంతీయ కంపెనీలు, వెస్టర్న్ ఎలక్ట్రిక్ కర్మాగారం, బెల్ ల్యాబ్స్ పరిశోధనశాల కలిసిన గుత్తసంస్థ, ఫోనును అమ్మకుండా నెలవారీ అద్దెకిచ్చేది. చెడిన ప్రతి ఫోనుకూ జీతమిచ్చి మనిషిని పంపవలసింది తానే కనుక, ఆ మనిషిని పంపనక్కరలేని ఫోనును తయారుచేయాలన్న సద్బుద్ధి దానికి సహజంగానే పుట్టింది. హెన్రీ డ్రైఫస్ రూపమిచ్చిన 500 నమూనా 1950 ప్రాంతంలో ఇళ్లకు చేరినప్పుడు, పాత నమూనాలో వేలు పెట్టే రంధ్రాల కిందే ఉన్న అంకెలు చక్రం వెలుపలికి, వేళ్ల రాపిడికి దూరంగా జరిగాయి. ఎక్స్ఛేంజి పక్కనున్న ఇంటికీ ఊరి చివరి ఇంటికీ ఒకే ఫోను సరిపోయేలా, తీగ పొడవును బట్టి శబ్దస్థాయిని తనంతట సర్దుకునే ఏర్పాటు లోపల చేరింది. 1963లో మీటల ఫోను వచ్చాక ఈ జాగ్రత్త ఇంకా ముదిరింది. అంకెను మీట పైన అచ్చువేస్తే చెరిగిపోతుందని, రెండు రంగుల ప్లాస్టిక్‌ను ఒకదానిలో ఒకటి పోసి మీటను తయారుచేశారు కనుక, మీట ఎంత అరిగినా అంకె మిగిలే ఉంటుంది. 1970లలో మరల బిగింపుకు బదులు, టక్కుమని గుచ్చి తీయగలిగే ప్లగ్గు రావడంతో, తీగ మార్చడానికి కూడా మనిషి రానక్కరలేకపోయింది. ఇందులో ప్రజాసేవా తపన పాత్ర ఎంతో చెప్పడం కష్టం. అద్దె మాత్రం ప్రతి నెలా తప్పక వసూలయ్యేది.

పరాయి పరికరం తగిలిస్తే తంత్రీజాలమే పాడవుతుందని వాదించిన ఈ సంస్థ, మాట పక్కవారికి వినపడకుండా ఫోను మూతికి తొడిగే హష్-ఎ-ఫోన్ అనే చిన్న కప్పును సైతం ప్రమాదకారిగా పరిగణించింది. 1956లో న్యాయస్థానం ఈ భయాన్ని కొట్టివేసింది. 1968లో కార్టర్‌ఫోన్ అనే పరికరం కేసులో వచ్చిన నిర్ణయం బయటి పరికరాలకు తలుపు తెరవగా, 1984 జనవరి 1న గుత్తసంస్థే ముక్కలైంది. వినియోగదారుకు స్వేచ్ఛ లభించింది, దానితోపాటు తేలికపాటి చవక ఫోనూ లభించింది. అది చెడితే బాగుచేయించడం కన్నా పారవేసి కొత్తది కొనడమే లాభమని తేలడంతో, నిర్వహణ వ్యయం అనే మాటకే పని లేకుండా పోయింది.

భారతదేశంలో ఈ సూత్రం పారనట్టే కనిపిస్తుంది, ఎందుకంటే ఒకప్పుడు ఇక్కడ కూడా ఫోను వాడేవాడిది కాదు, ప్రభుత్వ శాఖ సొత్తు, మరమ్మతు భారమూ శాఖదే, అయినా ఫోను డెడ్ అయితే లైన్‌మన్ దర్శనం కోసం చందాదారు ఎదురుచూడవలసి వచ్చేది. ఆ ఎదురుచూపు ఏ పద్దులోనూ నమోదు కాకపోవడమే ఇక్కడి కిటుకు. ఫోను విలాస వస్తువని, నచ్చనివారు వాపసు చేయవచ్చని అప్పటి కేంద్రమంత్రి సి.ఎం. స్టీఫెన్ చెప్పడం ప్రసిద్ధమే. కొత్త కనెక్షను కోసం ఏళ్లతరబడి వరుసలో ఉన్నవారికి ఇంతకన్నా ఆశాజనకమైన వార్త ఉండదు. 1984లో ఏర్పడిన ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సి-డాట్ మాత్రం, దుమ్మూ ఎండా ఉన్న పల్లెలో ఏసీ గది లేకుండా నడవాలన్న షరతును మొదటే పెట్టుకుని గ్రామీణ ఎక్స్ఛేంజిని రూపొందించింది. శీతల గది ఉంటే, దాన్ని నడిపే కరెంటూ బాగుచేసే మనిషీ కూడా ఉండాలి కదా. 1986లో కర్ణాటకలోని కిత్తూరులో అది పనిచేయడం మొదలుపెట్టింది.

మరమ్మతు ఖర్చు కొన్నవాడి పద్దులోనే ఉన్న ఇప్పటి చేతిఫోనులో బ్యాటరీని జిగురుతో అంటించడం రూపకల్పనలో పురోగతిగా గుర్తింపు పొందింది. చిన్న పరికరాల బ్యాటరీని కొన్నవాడే తీసి మార్చుకోగలగాలని ఐరోపా సమాఖ్య 2023లో చేసిన నియమం, కొన్ని మినహాయింపులతో, 2027 ఫిబ్రవరి నుంచి అమలుకు రానున్నందున, మూతకు నాలుగు మరలు బిగించడం ఎలాగో ప్రపంచంలోని మేటి ఇంజనీర్లు మళ్లీ మొదటినుంచి నేర్చుకోవలసి రావచ్చు.